తత్వవేత్త రాతలు దక్కాయి, ఇంటి ఉత్తరాలు కాలిపోయాయి

హిట్లర్ కాలంలో భర్త కాగితాలను దేశం దాటించిన మాల్వీన్ హుస్సెర్ల్ కథ

పేరున్న మనిషి కన్నుమూస్తే ఆయన రాసిన పుస్తకాల గురించి పదిమందీ మాట్లాడతారు. ఇంట్లో బీరువా అడుగున, పాత ట్రంకు పెట్టెలో మిగిలిపోయిన ఉత్తరాల సంగతి ఎవరికీ గుర్తు రాదు. కూతురి కాన్పు కబురు, కొడుకు ఉద్యోగం ఊడిన కబురు, స్నేహితుడితో వచ్చిన మాట పట్టింపు. ఇవన్నీ ఇంటి గొడవలు, ఇంకెవరికి పనికొస్తాయి అనుకుంటారు. చాలా ఇళ్లలో ఆ పెట్టెకు కాపలా ఉండేది భర్తను పోగొట్టుకున్న ఇల్లాలే.

జర్మనీలో 1938లో అటువంటి బాధ్యత 78 ఏళ్ల ఒక ఇల్లాలి మీద పడింది. ఆమె పేరు మాల్వీన్ హుస్సెర్ల్. ఆమె భర్త ఎడ్మండ్ హుస్సెర్ల్ ఇరవయ్యో శతాబ్దపు తత్వవేత్తల్లో ముందు వరసలోని వారు. ఆయన రాసిపెట్టిన దాదాపు 40,000 పేజీలు హిట్లర్ మనుషుల చేతికి చిక్కకుండా సరిహద్దు దాటాయి. ఇంటికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మాత్రం ఇంటి సామానుతోపాటు ఓడరేవులో తగలబడిపోయాయి. అయినా ఆ కుటుంబం ఉత్తరాలు ఈనాడు అచ్చులో దొరుకుతున్నాయి. పెట్టెలు కాలిపోయాక ఉత్తరాలు ఎలా మిగిలాయో తెలుసుకుంటే, ఇంట్లో నాలుగు పాత ఉత్తరాలు ఉన్న ప్రతివారికీ పనికొస్తుంది.

ఎవరీ హుస్సెర్ల్?

హుస్సెర్ల్ 1859లో, అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ప్రాస్నిట్జ్ అనే ఊళ్లో యూదు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు చెక్ దేశంలో ఉంది. తండ్రిది బట్టల వ్యాపారం. కుర్రవాడు లెక్కలు చదివి డాక్టరేటు తెచ్చుకున్నాడు. తర్వాత మనసు తత్వశాస్త్రం మీదికి మళ్లింది. 1886లో క్రైస్తవం తీసుకుని లూథరన్ సభలో చేరారు. ఆ మరుసటి ఏడాది మాల్వీన్‌ను పెళ్లాడారు. ఆమెది కూడా యూదు కుటుంబమే.

ఆయన నెలకొల్పిన ఆలోచనా పద్ధతికి ఫినామినాలజీ అని పేరు. పేరు నోరు తిరగనిదే గాని, మొదటి మెట్టు అందరికీ తెలిసిన విషయమే. వీధిలో నిలబడి ఒక ఇంటిని చూస్తున్నాం. కంటికి కనిపించేది ముందు గోడ, గుమ్మం మాత్రమే. పెరడు కనిపించదు, వెనక గోడ కనిపించదు. అయినా మనం చూసింది గోడను కాదు, ఇంటిని అంటాం. కనిపించని వైపును కూడా మనసు కలుపుకునే చూస్తుంది. ఒక వస్తువు మన ఎరుకలోకి ఎలా వస్తున్నదో, ముందే ఉన్న అభిప్రాయాలను కాసేపు పక్కన పెట్టి, ఓపికగా పరిశీలించాలన్నది హుస్సెర్ల్ మాట. ఈ పద్ధతి తర్వాత జర్మనీ, ఫ్రాన్స్ దేశాల తత్వశాస్త్రాన్నే మలుపు తిప్పింది.

ఆయన కలం పట్టుకుని ఆలోచించే మనిషి. గాబెల్స్‌బెర్గర్ అనే పాత జర్మన్ షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటూ పోయేవారు. అచ్చు వేయించిన పుస్తకాలు కొద్ది. సొరుగుల్లో పేరుకున్న కాగితాలు కొండంత.

ఈ కొండ వెనక సంసారం నడిపింది మాల్వీన్. హాలే పట్టణంలో 1887 నుంచి 1901 వరకు, పధ్నాలుగేళ్లు, స్థిరమైన జీతం లేని చిన్న అధ్యాపక పదవిలో భర్త ఉండగా అక్కడే ముగ్గురు పిల్లలను పెంచారు. పెద్దది ఎలిజబెత్, ఇంట్లో ఎల్లీ అనేవారు. తర్వాత గెర్హార్ట్, వోల్ఫ్‌గాంగ్. పిల్లలు పెరిగి దూరాలకు వెళ్లాక తల్లీ తండ్రీ ఇద్దరూ ఉత్తరాలు రాసేవారు. ఆ కాలంలో దూరాన ఉన్న బిడ్డ క్షేమం తెలిసే దారి అదొక్కటే.

రెండు దెబ్బలు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇద్దరు కొడుకులూ జర్మన్ సైన్యంలో చేరారు. చిన్నవాడు వోల్ఫ్‌గాంగ్ 1916 మార్చిలో వెర్డన్ పోరులో చనిపోయాడు. వయసు ఇరవై. పెద్దవాడు గెర్హార్ట్ గట్టి గాయాలతో బతికి బయటపడ్డాడు. కొడుకును పోగొట్టుకున్న ఆ ఏడే హుస్సెర్ల్ ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరారు. 1928లో పదవీ విరమణ చేసినప్పుడు తన స్థానంలోకి మార్టిన్ హైడెగర్ రావాలని కోరుకున్నారు. అలాగే జరిగింది. హైడెగర్ అంతకు ముందు ఏడాదే తన పెద్ద పుస్తకం ‘సైన్ ఉంట్ త్సైట్’ను హుస్సెర్ల్‌కు అంకితం ఇచ్చి ఉన్నారు. రెండు కుటుంబాల మధ్య రాకపోకలుండేవి.

1933లో హిట్లర్ గద్దెనెక్కాడు. పుట్టుకతో యూదులైన వారిని ప్రభుత్వ కొలువుల నుంచి తప్పించారు. బాప్తిస్మం తీసుకుని దాదాపు అర్ధ శతాబ్దం గడిచినా, దేశం కోసం ఒక కొడుకును ఇచ్చినా, హుస్సెర్ల్‌కు మినహాయింపు దక్కలేదు. ఏప్రిల్‌లో ఆయనకు సెలవు ఉత్తర్వు అందింది. అదే నెలలో హైడెగర్ విశ్వవిద్యాలయానికి రెక్టర్ అయ్యారు. మే నెల మొదట్లో బాహాటంగా నాజీ పార్టీలో చేరారు. కీల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పే గెర్హార్ట్‌కు కూడా ఉద్యోగం పోయింది. ఆ దశాబ్దంలోనే గెర్హార్ట్, ఎల్లీ ఇద్దరూ తమ కుటుంబాలతో అమెరికా చేరుకున్నారు. ఫ్రైబర్గ్‌లో ముసలి దంపతులు మిగిలారు.

హుస్సెర్ల్ 1938 ఏప్రిల్ 27న కన్నుమూశారు. అంత్యక్రియలకు హైడెగర్ వెళ్లలేదు. 1966లో ఒక జర్మన్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆయన ఈ సంగతి చెప్పుకున్నారు. అందులో మూడు ఉత్తరాల ప్రస్తావన ఉంది. 1933 మే నెలలో తమ ఇద్దరి తరఫున తన భార్య మాల్వీన్‌కు కృతజ్ఞతగా ఒక ఉత్తరం రాసి పూలతో పంపిందని, మాల్వీన్ పొడిగా జవాబిచ్చి కుటుంబాల సంబంధం తెగిపోయిందని రాశారని, హుస్సెర్ల్ జబ్బు పడినప్పుడు, పోయినప్పుడు తాను వెళ్లకపోవడానికి తర్వాత ఉత్తరంలో మాల్వీన్‌ను క్షమాపణ అడిగానని ఆయన చెప్పారు. ఆ ఇంటర్వ్యూ 1976లో ఆయన మరణించాక అచ్చయింది. అప్పటికి మాల్వీన్ లేరు. రెండు ఇళ్ల మధ్య ఏం జరిగిందో సాక్ష్యం చెప్పగలిగేవి ఉత్తరాలే. అవి లేకపోతే మిగిలినవాళ్లు చెప్పిందే చరిత్ర అవుతుంది.

మూడు పెట్టెల ప్రయాణం

భర్త పోయేనాటికి మాల్వీన్ ఇంట్లో దాదాపు 40,000 పేజీల షార్ట్‌హ్యాండ్ రాతలు ఉన్నాయి. శిష్యులు శుద్ధప్రతిగా మార్చిన కాగితాలు మరో 10,000 దాకా ఉన్నాయి. సొంత గ్రంథాలయంలో పుస్తకాలు 2,700 వరకు. యూదుడి రాతలు కనుక జర్మనీలో అచ్చు వేసే దారి లేదు. ఏ రోజు ఎవరు వచ్చి పట్టుకుపోతారో, తగలబెడతారో తెలియదు. నాజీలు పుస్తకాల కుప్పలు పోసి నిప్పు పెట్టి అప్పటికి ఐదేళ్లు.

అప్పుడు ఫ్రైబర్గ్‌కు ఒక బెల్జియం యువకుడు వచ్చాడు. పేరు హెర్మన్ లియో వాన్ బ్రెడా. వయసు 27. ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన ఫాదర్. లూవెన్ విశ్వవిద్యాలయంలో హుస్సెర్ల్ మీద పరిశోధన చేస్తున్నాడు. అచ్చుకాని రాతలు చూడనిస్తారేమోనని 1938 ఆగస్టులో వచ్చాడు. మాల్వీన్‌ను కలిశాడు. గుట్టలుగా ఉన్న కాగితాలు చూశాడు. చదువుకుని వెళదామని వచ్చినవాడికి, వీటిని ఇక్కడి నుంచి తీసుకుపోకపోతే దక్కవని అర్థమైంది.

మొదటి ప్రయత్నం స్విట్జర్లాండ్ దారిన. హుస్సెర్ల్ దగ్గర ఒకప్పుడు చదువుకుని తర్వాత కన్యాస్త్రీ అయిన సిస్టర్ అడెల్‌గుండిస్ ముందుకు వచ్చారు. రాతలన్నీ మూడు బరువైన పెట్టెల్లో సర్దారు. సెప్టెంబరులో ఆమె వాటిని సరిహద్దు పట్టణమైన కాన్‌స్టాంజ్‌కు చేర్చారు. అక్కడి సిస్టర్ల సాయంతో కొంచెం కొంచెంగా సరిహద్దు దాటించవచ్చని ఆలోచన. దొరికితే ప్రాణాల మీదికి వస్తుందని తేలి, ఆ ఆలోచన మానుకున్నారు.

రెండో దారి బెర్లిన్‌లోని బెల్జియం రాయబార కార్యాలయం. వాన్ బ్రెడా ఆ మూడు పెట్టెలు తీసుకుని రైల్లో బెర్లిన్ వెళ్లాడు. అవి చెకొస్లొవేకియా విషయమై యుద్ధం ఇవాళో రేపో అన్నట్టున్న రోజులు. రాయబార కార్యాలయం సంచులను జర్మన్ అధికారులు తెరిచి చూడకూడదు. కాని అందులో పంపాలంటే ఆ సొత్తు బెల్జియం పౌరుడిదై ఉండాలి. అందుకని రాతలన్నీ వాన్ బ్రెడాకే ఇచ్చేసినట్టు మాల్వీన్ కాగితం మీద సంతకం చేశారు. అది పేరుకు మాత్రమే. అయినా మూడు నెలలు కూడా పరిచయం లేని కుర్రవాడి పేరున, భర్త జీవితకాలపు శ్రమ మొత్తాన్ని రాసివ్వడం చిన్న మాట కాదు. ఆ సంతకమే వాటిని కాపాడింది. 1938 నవంబరుకల్లా పెట్టెలు క్షేమంగా లూవెన్ చేరాయి.

అక్కడ హుస్సెర్ల్ భాండాగారం వెలిసింది. ఆ షార్ట్‌హ్యాండ్ చదవగలిగిన శిష్యులు ఇద్దరు, ఆయిగెన్ ఫింక్, లుడ్విగ్ లాండ్‌గ్రేబె, 1939లో లూవెన్‌కు వచ్చి ఎత్తిరాయడం మొదలుపెట్టారు. లూవెన్ కూడా నిప్పు తెలియని ఊరు కాదు. 1914లో జర్మన్ సైన్యం అక్కడి విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తగలబెట్టింది. కొత్తగా కట్టుకున్న గ్రంథాలయం 1940 మే నెలలో మళ్లీ కాలి, లక్షల పుస్తకాలు బూడిదయ్యాయి. హుస్సెర్ల్ కాగితాలు వేరే చోట ఉండబట్టి బతికాయి.

ఆంట్వెర్ప్ రేవులో

1939 జూన్‌లో మాల్వీన్ కూడా జర్మనీ విడిచి బెల్జియం చేరారు. 79 ఏళ్ల వయసు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లిపోవాలని కోరిక. లూవెన్ దగ్గర హెరెంట్ అనే ఊళ్లో కన్యాస్త్రీల మఠంలో తాత్కాలికంగా బస. ఇంటి సామాను పెద్ద చెక్కపెట్టెల్లో సర్ది ఆంట్వెర్ప్ ఓడరేవుకు పంపారు. అక్కడ ఓడ ఎక్కించి అమెరికా పంపాలి. కుటుంబం దాచుకున్న ఉత్తరాలు ఆ సామానులోనే ఉన్నాయి.

ఇందులో ఎవరినీ తప్పు పట్టలేం. రాతలు లోకానికి చెందినవి, అవి విశ్వవిద్యాలయానికి వెళ్లాయి. ఉత్తరాలు ఇంటివి, అవి తల్లితోపాటు పిల్లల దగ్గరకు పోవాలి. ఏ ఇంట్లోనైనా అలాగే సర్దుతారు. పైగా జర్మనీ దాటాయి కనుక గండం గడిచిందనే అనుకుంటారు.

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. ప్రయాణం ఆగిపోయింది. 1940 మే 10న జర్మన్ సైన్యం బెల్జియం మీద పడింది. తప్పించుకుని వచ్చిన చోటికే హిట్లర్ వచ్చాడు. ఆ వేసవిలో ఇంగ్లండ్ మీద దండెత్తడానికి జర్మన్లు ఆంట్వెర్ప్ వంటి రేవుల్లో పడవలు పోగుచేశారు. వాటిని నాశనం చేయడానికి సెప్టెంబరులో బ్రిటిష్ విమానాలు బాంబులు వేశాయి. హుస్సెర్ల్ ఇంటి పెట్టెలు అందులో కాలిపోయాయి. హిట్లర్ కంట పడకుండా దాటివచ్చిన ఉత్తరాలు, చివరకు హిట్లర్‌తో పోరాడేవాళ్లు వేసిన బాంబులకు పోయాయి.

ఒక జీవితకాలంలో హుస్సెర్ల్‌కు స్నేహితులు, శిష్యులు, తోటి పండితులు, పిల్లలు రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ విధంగా అంతరించాయి.

మఠంలో ఏడేళ్లు

కొద్ది వారాల కోసమని వచ్చిన హెరెంట్ మఠంలో మాల్వీన్ దాదాపు ఏడేళ్లు ఉండిపోయారు. ఫ్రైబర్గ్ ఇంట్లో ఎన్నో ఏళ్లుగా పనిచేసిన మనిషి ఆమె వెంట ఉంది. 1942 నుంచి బెల్జియంలోని యూదులను పట్టి మెహెలెన్ పట్టణంలోని బారకాసుల్లో కుక్కి, అక్కడి నుంచి రైళ్లలో ఆష్విట్జ్ మృత్యు శిబిరానికి పంపారు. అలా పోయినవారు పాతికవేలు. హుస్సెర్ల్ దగ్గర సహాయకురాలిగా పనిచేసి, ఆయన షార్ట్‌హ్యాండ్ కాగితాలు సర్దిపెట్టిన ఎడిత్ స్టైన్ అప్పటికి హాలండ్‌లో కన్యాస్త్రీ. ఆమెను కూడా అదే ఏడాది ఆష్విట్జ్‌లో చంపేశారు. మెహెలెన్‌కు ఎంతో దూరం లేని హెరెంట్‌లో, సిస్టర్ల మరుగున, మాల్వీన్ ప్రాణాలతో మిగిలారు.

ఆ మఠంలో ఉండగా 1940లో ఆమె ఒక పని చేశారు. భర్త జీవితం గురించి తనకు తెలిసినదంతా కాగితం మీద పెట్టారు. పుట్టిన ఊరు, చదువు, పెళ్లి, ఊళ్లు మారడం, పిల్లలు, స్నేహితులు. పెద్ద పుస్తకమేమీ కాదు. అప్పటికి భర్త లేరు, ఇల్లు లేదు, పిల్లలు సముద్రానికి అవతల ఉన్నారు. తాను తప్ప చెప్పేవారు లేని సంగతులు అవి. ఆ రాత దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 1988లో, పండితుల పత్రికలో అచ్చయింది. ఆయన జీవితం గురించి రాసేవారంతా ఇప్పుడు దాన్ని చూడక తప్పదు.

యుద్ధం ముగిశాక 1946లో, 86 ఏళ్ల వయసులో, ఆమె అమెరికా వెళ్లి పిల్లలను కలుసుకున్నారు. 1950 నవంబరులో 90 ఏళ్ల వయసులో ఫ్రైబర్గ్‌లో కన్నుమూశారు. ఆమె భర్త సమగ్ర రచనల మొదటి సంపుటం అచ్చయింది కూడా ఆ ఏడే. ఇప్పటికి నలభైకి పైగా సంపుటాలు వచ్చాయి.

మిగిలిన సగం ఎక్కడ దొరికింది?

ఇక ఉత్తరాల విషయం. పెట్టెలు కాలిపోయాయి కదా, మరి అచ్చులో ఉన్నవి ఏమిటి?

ఉత్తరం రాసినవారి ఇంట్లో ఉండదు. అందుకున్నవారి ఇంట్లో ఉంటుంది. ఆంట్వెర్ప్‌లో కాలింది హుస్సెర్ల్ ఇంటికి వచ్చిన ఉత్తరాలు. హుస్సెర్ల్ ఇంటి నుంచి బయటికి పోయిన ఉత్తరాలు అప్పటికే దేశదేశాల్లో చెదిరి ఉన్నాయి. ఎవరెవరు దాచుకున్నారో వెదికి పట్టుకోవడమే మిగిలిన పని.

పోలెండ్‌లో రోమన్ ఇంగార్డెన్ అనే శిష్యుడు ఉండేవారు. యుద్ధంలో పోలెండ్ పడిన పాట్లు లోకానికి తెలుసు. అయినా గురువు రాసిన ఉత్తరాలను ఆయన జాగ్రత్త చేసుకున్నారు. 1968లో వాటిని పుస్తకంగా వేశారు. జర్మనీలోనే ఉన్న మాంకె అనే మరో పాత శిష్యుడికి హుస్సెర్ల్ 1933 మే మొదట్లో, హైడెగర్ పార్టీలో చేరిన కొద్ది రోజులకే, మనసు విప్పి ఒక ఉత్తరం రాశారు. ఆ స్నేహం అలా ముగిసినందుకు ఎంత నొచ్చుకున్నారో అందులో ఉంది. అది మిగలకపోతే ఆ రోజుల గురించి ఒక పక్షం మాటే మనకు తెలిసేది. ఇక తల్లీ తండ్రీ పిల్లలకు రాసిన ఉత్తరాలు పిల్లల దగ్గర ఉన్నాయి.

ఇంకో విచిత్రం. హుస్సెర్ల్ కాగితం వృథా చేసే మనిషి కాదు. వచ్చిన ఉత్తరాల వెనకవైపు, ఆహ్వాన పత్రాల వెనకవైపు కూడా తన ఆలోచనలు రాసుకునేవారు. అలాంటివి చిత్తుకాగితాల లెక్కన రాతల్లో కలిసి, మూడు పెట్టెల్లో పడి లూవెన్ చేరాయి. భద్రంగా దాచినవి కాలిపోతే, చిత్తుకింద వాడినవి బతికాయి. ఉత్తరం మీది తేదీని బట్టి వెనక రాసిన ఆలోచన ఏ కాలానిదో పండితులు ఇప్పుడు లెక్క కడుతున్నారు.

ఇలా ఇంటింటా, దేశదేశానా వెదికి తెచ్చినవాటిని కార్ల్ షూమాన్, ఎలిజబెత్ షూమాన్ దంపతులు పరిష్కరించి 1994లో పది సంపుటాలుగా వెలువరించారు. అందులో తొమ్మిదో సంపుటం పూర్తిగా కుటుంబ లేఖలది. మహా తత్వవేత్త కూడా ఇంట్లో తండ్రే, మామగారే, తాతే. ఆ సంగతి తెలిసేది ఆ సంపుటంలోనే.

వాన్ బ్రెడా 1974లో చనిపోయే దాకా ఆ భాండాగారాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. అంతా ఒక్కచోటే ఉంచలేదు. రాతల నకళ్లు జర్మనీలోని ఫ్రైబర్గ్, కొలోన్ నగరాల్లో, పారిస్‌లో, న్యూయార్క్‌లో ఉంచే ఏర్పాటు జరిగింది. ఒక ఊళ్లో నిప్పు అంటుకున్నా ఇంకో ఊళ్లో మిగులుతాయి.

మన అటకల మీద

ఇదంతా ఎక్కడి గొడవ, మన ఇళ్లలో మహా పండితుల రాతలేమున్నాయి అనిపించవచ్చు. కాని మనకూ ఉత్తరాల తీగలు ఉండేవి. వచ్చిన కార్డును చదివి చూరుకు వేలాడే ఇనుప తీగకు గుచ్చేవారు. కాశీ వెళ్లిన తాత రాసిన కార్డు, మిలటరీలో ఉన్న మేనమామ పంపిన ఇన్‌లాండు, అత్తవారింటి నుంచి ఆడపడుచు రాసిన నాలుగు ముక్కలు అన్నీ ఆ తీగకే. వానలు ఎప్పుడు పడ్డాయో, ధాన్యం ఏ ధర పలికిందో, ఏ ఏడు కలరా వచ్చిందో, పొలం తగాదా ఎలా తీరిందో వాటిలో ఉంటుంది. ఊరి చరిత్ర ఏ పుస్తకంలోనూ అంత వివరంగా ఉండదు. చావు కబురు తెచ్చిన కార్డును ఇంట్లో ఉంచకూడదని చింపేసే ఆచారం వల్ల చాలా తేదీలు అప్పుడే పోయాయి. మిగిలినవి చెదలకు, ఇల్లు కొత్తగా కట్టినప్పుడు పాత సామాన్లవాడికి పోయాయి.

ఇంకా మిగిలి ఉంటే కాపాడుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. తీగ నుంచి మెల్లగా తీయాలి. తుప్పు పట్టిన గుండుసూదులు, క్లిప్పులు తీసేయాలి. ఇనుము తుప్పు కాగితాన్ని తినేస్తుంది. మడతలు విప్పి, చదునుగా, ఉతికిన నూలు గుడ్డలోగాని తెల్ల కాగితంలోగాని చుట్టాలి. రేకు పెట్టెలో పెట్టి, పెట్టెను గోడకు, నేలకు ఆనకుండా రెండు ఇటుకల మీద ఉంచితే చెమ్మ, చెద చేరవు. వంటింటి పొగ తగిలే అటక, కారే కప్పు కింద చోటు పనికిరావు. చిరిగినచోట అంటుకునే టేపు వేయకూడదు. కొన్నేళ్లకు అది పసుపు మచ్చ పడి అక్షరాన్ని మింగేస్తుంది. ప్లాస్టిక్ అతికించి లామినేషన్ చేయిస్తే మళ్లీ ఊడదీయడం కుదరదు. తడిస్తే ఎండలో పెట్టకుండా నీడన, గాలికి ఆరబెట్టాలి. కవర్లు పారేయకూడదు. తేదీ వేయని ఉత్తరానికి పోస్టాఫీసు ముద్రే తేదీ.

ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే కూర్చోబెట్టి, ఎవరు ఎవరికి రాశారో, అందులోని ‘చిన్నాయన’ ఎవరో, ‘పాత ఇల్లు’ ఏదో అడిగి, వేరే కాగితం మీద రాసి ఉత్తరంతో పెట్టాలి. ముసలమ్మ పోయాక ఆ సంగతి చెప్పేవారు ఉండరు. మాల్వీన్ మఠంలో కూర్చుని చేసింది ఆ పనే. ఉత్తరాల్లో నొచ్చుకునే మాటలు, అప్పుల సంగతులు ఉంటే పొయ్యిలో వేయనక్కరలేదు. విడిగా కట్టగట్టి, ఫలానా తరం పోయాక విప్పండి అని పైన రాస్తే చాలు.

చివరగా, మీ అమ్మగారి ఉత్తరాలు కావాలంటే మీ ఇంట్లో వెదికి లాభం లేదు. ఆమె రాసినవి ఆమె అక్కచెల్లెళ్ల ఇళ్లలో, పుట్టింట్లో, వియ్యపురాలి ఇంట్లో ఉంటాయి. పండక్కో పెళ్లికో వెళ్లినప్పుడు అడిగి చూడండి. ఇచ్చేయమని అడగనక్కరలేదు. చేతిలో ఉన్న సెల్‌ఫోనుతో వెలుతురులో ఫోటో తీసుకుని, వాళ్లవి వాళ్లకే ఉంచి, మీ ఇంట్లో ఉన్నవాటి ఫోటోలు వాళ్లకు ఇవ్వండి. రెండు ఇళ్లలో ఉన్నది ఒక వానకు, ఒక చెదపుట్టకు పోదు.